నాలుగు నిమ్మకాయల నీటి విమానం

ఉత్తర తీర జలవిమానయాన సంస్థకు అన్నీ ఉన్నాయి, ఒక్క విమానం తప్ప. చైర్మన్ ఉన్నారు. మేనేజింగ్ డైరెక్టర్ ఉన్నారు, ఆయన గది గుమ్మం మీద ఎర్ర బల్బు ఉంది. క్యాంటీన్‌లో మధ్యాహ్నం పెరుగన్నం ఉంది. రెక్కలు మొలిచిన చేప బొమ్మ సంస్థ చిహ్నంగా గోడ గోడకీ ఉంది. రాళ్లగెడ్డ జలాశయం గట్టు మీద ఒకప్పుడు సిమెంటు బస్తాలు దాచిన గోదాముకు నీలం రంగు వేసి ఆఫీసు చేశారు గనక, కిటికీలోంచి తొంగిచూస్తే నీళ్లు కూడా ఉన్నాయి. ఆ నీళ్ల మీద దిగి, ఆ నీళ్ల మీద నుంచే లేచే విమానం మాత్రం రావలసి ఉంది. వస్తుందని అందరూ గట్టిగా నమ్మారు. నమ్మకుండా జీతం తీసుకోవడం బాగుండదు కదా.

విమానం వచ్చేలోపు నేర్చుకోవడానికి సిమ్యులేటర్ వచ్చింది. అంటే ఉత్తుత్తి విమానం. గోదాము మధ్యలో నేలకు బోల్టులు వేసి బిగించిన మూడు ఉక్కు కాళ్లు, వాటి మీద విమానం ముందు భాగంలాంటి చిన్న గది, ఆ గది ముందు గోడంత తెర. లోపల కూర్చుని విమానం తిప్పే కర్ర లాగితే తెర మీద కొండలు కిందికి పోతాయి, కుర్చీ వెనక్కి వాలుతుంది, కడుపులో తిప్పుతుంది. ఈ ఉత్తుత్తి విమానం నిజం విమానంలా నడుచుకునేలా చూసే ఉద్యోగం వేగి ఇందుమతిది. గాజువాక మనిషి. ఓడల నిర్మాణం చదువుకుని, కంప్యూటర్ల మీద పడవలు తేల్చే పనిలో చెయ్యి తిరిగింది. కాంట్రాక్టు ఉద్యోగమే అయినా పర్మనెంటు వాళ్లకు లేని దిగులంతా ఆమెకే ఉండేది.

ఆ దిగులంతా ఫ్లోట్ల గురించి. నీటి విమానానికి చక్రాలుండవు. చక్రాల చోట రెండు పొడవాటి బోలు పడవలుంటాయి, వాటినే ఫ్లోట్లంటారు. గాల్లో ఉన్నంతసేపూ అది విమానం, నీటిని తాకిన క్షణం నుంచీ పడవ. బ్రేకులుండవు. గాలి ఎటు నుంచి వస్తే అటు ముక్కు తిప్పుకుంటుంది. నీళ్లు అద్దంలా కదలకుండా ఉన్నప్పుడు ఫ్లోట్లు నీటికి అంటుకుపోయి ఒక పట్టాన లేవవు, అప్పుడు ముందు ఒక ఫ్లోటును ఎత్తి ఆ తర్వాత రెండోదాన్ని ఎత్తాలి. అన్నిటికన్నా ముఖ్యం, దిగేటప్పుడు ముక్కు కాస్త పైకెత్తి పట్టుకోవాలి. ముక్కు దించి దిగితే ఫ్లోట్ల మూతులు నీళ్లలో గుచ్చుకుని విమానం పల్టీ కొడుతుంది. లోపలున్నవాళ్లు నీటి అడుగున తలకిందులుగా వేలాడుతూ బెల్టు ఎక్కడుందో వెతుక్కోవాలి. ఇదంతా ఇందుమతి నెలల తరబడి కూర్చుని సిమ్యులేటర్‌కు నేర్పింది. అల తగిలితే కుర్చీ ఎంత అదరాలో కూడా తనే కూర్చుని చూసుకుని, నడుం పట్టేసినా ఊరుకోలేదు.

అంత శ్రద్ధకు కారణం లెంక రోహిణి. పలాసలో జీడిపప్పు బట్టీల వీధి పిల్ల. మామూలు విమానం నడిపే లైసెన్సు సంపాదించి, ఉద్యోగం దొరక్క ఇంట్లో కూర్చుని ఉండగా, సంస్థ తన మొట్టమొదటి పైలట్‌గా తీసుకుంది. రేపు నిజం విమానం వస్తే అందులో కూర్చోవలసింది ఆ పిల్లే. వచ్చిన మొదటి రోజే ఇందుమతిని అక్కా అని పిలిచింది. ఆ పిలుపు విన్నప్పటి నుంచీ ఇందుమతికి ఫ్లోట్లలో ఏ చిన్న లోపం కనబడినా ఆ రోజు అన్నం సహించేది కాదు.

సంస్థలో అధికారులంతా వేరే వేరే శాఖల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవాళ్లు. వస్తూ వస్తూ తమ పాత సర్క్యులర్లను కూడా డిప్యుటేషన్ మీద తెచ్చుకున్నారు. అందులో ఒకటి బస్సుల కాలం నాటిది. కొత్త వాహనము వాడుకలోకి తెచ్చుటకు ముందు పూజ జరిపి, నాలుగు నిమ్మకాయలు తొక్కించవలెను, తొక్కించని వాహనమును ఎట్టి పరిస్థితులలోనూ నడపరాదు అని అందులో ఉంది. బస్సుకు సరిపోయింది, జీపుకూ సరిపోయింది. అయితే సిమ్యులేటర్ కొనడానికి బడ్జెట్‌లో పద్దు లేకపోవడంతో దాన్ని వాహనముల పద్దు కింద కొన్నారు. కొన్నాక ఇక అది వాహనమే.

మేనేజింగ్ డైరెక్టర్ పరాంకుశం గారు ఇందుమతిని పిలిపించారు. ఆయన ఫైలు నోరు తెరిచినట్టు మాట్లాడతారు. ఇంట్లో కాఫీ కూడా తగు చర్య నిమిత్తమే అడుగుతారని సిబ్బంది చెప్పుకునేవారు.

"సదరు సిమ్యులేటర్ ప్రారంభోత్సవం ఎల్లుండి. నిమ్మకాయల అంశంలో మీ ఏర్పాట్లు ఏ దశలో ఉన్నవి?"

"దానికి చక్రాలు లేవు సర్."

"చక్రములు లేకపోవుట మినహాయింపునకు కారణమని సర్క్యులర్‌లో ఎక్కడా పేర్కొనబడలేదు."

"అసలు అది కదలదు సర్. నేలకు బిగించేశాం."

"కదలని వస్తువును వాహనముల పద్దు కింద ఎట్లు కొన్నారని ఆడిట్‌వారు అడిగిన యెడల, ఆ సమాధానం తమరు ఇచ్చుకుంటారా?"

ఇందుమతి ఇచ్చుకోలేనంది.

మర్నాడు నిమ్మకాయలు వచ్చాయి. ఉక్కు కాళ్లకూ నేలకూ మధ్య కాగితం ముక్క దూరే సందు కూడా లేదు. పైగా కాళ్లు మూడు, నిమ్మకాయలు నాలుగు. అధికారులు చుట్టూ నిలబడి నాలుగో నిమ్మకాయ గురించి తర్జనభర్జన పడుతుండగా చైర్మన్ దాసరి కూర్మన్న గారు వచ్చారు. ఆయన రొయ్యల చెరువుల ఆసామి. చెడ్డవారు కాదు. విమానం ఎక్కితే చెవులు నొప్పెడతాయని హైదరాబాదుకు రైల్లోనే వెళ్లొస్తారు.

"నిమ్మకాయి తొక్కకుండా బండి కదిలితే ఎలగమ్మా? మా నాయిన నాటు పడవకి కూడా పూజ సేయించీవోడు. ఏటి, ఎక్కడుంటాయి దీని కాళ్లు?" అని ఇందుమతిని అడిగారు.

"ఫ్లోట్లండీ. అవి తెర మీదే ఉంటాయి. నిజంగా ఉండవు."

"అయితే ఇంకేటమ్మా. నిమ్మకాయలు కూడా తెర మీదే పెట్టీ. తొక్కించీ. అయిపోద్ది."

ఆ మాటలో తప్పు ఎక్కడుందా అని ఇందుమతి చాలాసేపు వెతికింది. దొరకలేదు.

సిమ్యులేటర్‌కు తెలిసిన నీటి వస్తువులు కొన్నే: బండరాయి, దుంగ, పడవ, రేవు దగ్గర దారి చూపడానికి గొలుసుతో అడుగుకు కట్టే ఇనప పీపా. కొత్తగా నిమ్మకాయను తయారుచేసే టైము లేక ఇందుమతి ఇనప పీపాను తీసుకుని, పసుపు రంగు వేసి, నిమ్మకాయంత చేసి, నాలుగింటిని నీళ్ల మీద వరసగా పెట్టింది. హడావిడిలో సైజు తగ్గించింది కానీ బరువు తగ్గించడం మరిచిపోయింది. గొలుసు విప్పడమూ మరిచిపోయింది. తప్పు పూర్తిగా ఆమెదే.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. అర్చకులు తెరకు దండ వేసి, నీళ్లలో మెరుస్తున్న నాలుగు నిమ్మకాయల మీదా మంత్రాక్షతలు చల్లారు. కర్పూరం పొగకు అలారం మోగితే వెనక వరసవాళ్లు మేళం మొదలైందనుకున్నారు. కూర్మన్న గారు శాలువాతోనే లోపల కూర్చున్నారు, పక్క సీట్లో రోహిణి కూర్చుంది. విమానం నీళ్ల మీద కదిలింది, వేగం అందుకుంది, మొదటి నిమ్మకాయను తాకింది. తాకగానే తెర మీద ఆకాశం కిందికి వచ్చింది, జలాశయం నెత్తి మీదికి వెళ్లింది. గది ఒక పక్కకు ఒరిగి చైర్మన్ గారి శాలువా ఆయన మొహం మీద పడింది. తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: మీరు మునిగిపోయారు.

కార్యక్రమంలో ఇదీ ఒక భాగమేననుకుని జనం చప్పట్లు కొట్టారు.

విచారణకు కమిటీ వేశారు. కమిటీ ఒక్కొక్కటిగా అన్నీ పరిశీలించింది. నిమ్మకాయ మంగళకరం, దాని వల్ల కీడు జరగదు. చైర్మన్ గారు చైర్మన్ గారు, ఆయన వల్ల పొరపాటు జరగదు. తెరకు గ్యారంటీ ఉంది. ఇక మిగిలినవి ఫ్లోట్లు. దోషం ఫ్లోట్లదేనని తేల్చారు.

"సర్, దోషం నాది," అంది ఇందుమతి. "నిమ్మకాయలో ఇనప పీపా బరువు ఉండిపోయింది. బరువు తగ్గించి గొలుసు విప్పేస్తే సరిపోతుంది. ఐదు నిమిషాల పని."

పరాంకుశం గారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "అర్చకులవారు మంత్రం చదివినది ఈ బరువు గల నిమ్మకాయల మీద. బరువు మార్చిన మరుక్షణం అవి వేరే నిమ్మకాయలు అగును. వాటికి వేరే పూజ, వేరే ప్రారంభోత్సవం, వేరే అనుమతులు కావలెను. ఫ్లోట్లకు ఎట్టి పూజా జరగలేదు కనుక వాటిని మార్చుటకు అభ్యంతరం లేదు."

"అవి సరిగ్గానే ఉన్నాయి సర్. నిజం విమానం అలాగే నడుచుకుంటుంది."

"నిజ విమానం విషయం నిజ విమానం వచ్చిన పిమ్మట పరిశీలించబడును. మీ కాంట్రాక్టు పొడిగింపు విషయం మాత్రం ఈ నెలలోనే పరిశీలనకు రానున్నది."

ఇందుమతి తన సీటుకు వచ్చి కూర్చుంది. గొలుసుతో కట్టిన ఇనప పీపాను గుద్దినా విమానం బోల్తా పడకూడదంటే ఫ్లోటు ఫ్లోటులా ఉండకూడదు. అయినా చేసింది. అసలు ఫ్లోట్లను, వాటితోపాటు బరువు తగ్గించి గొలుసు విప్పిన నాలుగు నిమ్మకాయలను పాతవి అనే పేరుతో ఒక పక్కన దాచిపెట్టి, కొత్తవాటిని మలిచింది. తేలే గుణాన్ని ఇష్టం వచ్చినంత పెంచింది. నీటి ఒరిపిడిని తీసేసింది. ఇప్పుడు విమానం నున్నటి గచ్చు మీద స్టీలు పళ్లెంలా జారేది. ముక్కు దించి దిగినా నిలబడేది. తోక ముందు పెట్టి దిగినా నిలబడేది. పైనుంచి రాయిలా పడేసినా ఒక్కసారి ఎగిరి, సర్దుకుని, ఇక సెలవా అన్నట్టు ఆగేది.

కూర్మన్న గారు మళ్లీ కూర్చుని నాలుగు నిమ్మకాయలూ తొక్కించారు. చిన్నపిల్లాడిలా సంతోషించారు.

"తొక్కితే సప్పుడు రావాల కదమ్మా. కొంచెం రసం కూడా సిమ్మితే బాగుంటాది."

ఇందుమతి చప్పుడు పెట్టింది. రసం చిమ్మించింది. ఆ తర్వాత కమిటీ పరీక్షా విధానం ఖరారు చేసింది: నిమ్మకాయకు పాతిక మార్కులు, నాలుగు తొక్కితే నూరు. విమానం నడపడానికి విడిగా మార్కులు లేవు.

అక్కడి నుంచి సంస్థకు పట్టపగ్గాలు లేవు. ఎవరు కూర్చున్నా నూరు వచ్చేది. తహసీల్దారు గారికి నూరు, ఆయన తోడల్లుడికి నూరు, ఆరోగ్య శిబిరానికి వచ్చి వాన పడుతోందని లోపలికొచ్చిన కంటి డాక్టరుకు నూరు. జిల్లాలో కాస్త పేరున్న ప్రతివాడూ నీటి విమానం నడిపాననిపించుకోవడం మొదలుపెట్టాడు. పెళ్లి శుభలేఖల మీద వరుడి డిగ్రీల పక్కన జలవిమాన చోదకుడు అని అచ్చు వేయించారు. ఎక్కడో జరిగిన సదస్సులో సిమ్యులేటర్‌కు ప్రమాదరహిత శిక్షణ బహుమతి వచ్చింది. ఒక్క ప్రమాదం కూడా జరగని సిమ్యులేటర్ దేశంలో ఇదొక్కటేనట.

అందరికన్నా బాగా తొక్కేది రోహిణి. మెరికలాంటి పిల్ల. ఏం చేస్తే మార్కులొస్తాయో ఇట్టే పట్టేసింది. విమానం ముక్కు బాగా దించి, గద్దలా సూటిగా నిమ్మకాయల మీదికి దూకితే నాలుగూ ఒక్క ఊపులో చితికిపోతాయి. మిగతావాళ్లు నీళ్ల మీద అటూ ఇటూ తిరిగి తొక్కేవి రోహిణి దిగుతూ దిగుతూనే తొక్కేసేది. పేపర్లో ఫొటో వేశారు. పలాస నుంచి వాళ్ల నాన్న వచ్చి చూసి, కూతురు అలా దూకుతుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. పక్కనే నిలబడ్డ ఇందుమతికీ కళ్లనీళ్లొచ్చాయి, వేరే కారణానికి. నిజం నీళ్ల మీద ముక్కు దించి అలా దిగితే ఆ పిల్ల పైకి తేలదు. అలా దిగడం ఆ పిల్లకు నేర్పిన ఫ్లోట్లు తను చేసినవి.

ఒకరోజు ఆఫీసు తెరవకముందే రోహిణిని రమ్మని, పాత ఫ్లోట్లు పెట్టి దిగమంది. రోహిణి అలవాటు ప్రకారం ముక్కు దించి దూకింది. మీరు మునిగిపోయారు. మళ్లీ దూకింది. మళ్లీ మునిగిపోయింది. మూడోసారి పెదవి బిగపట్టి ఇంకా గట్టిగా దూకింది, ఇంకా తొందరగా మునిగిపోయింది.

"అక్కా, ఫ్లోట్లు పాడైపోయినట్టున్నాయి."

"ఇవే మంచివి. నువ్వు రోజూ నడుపుతున్నవే పాడైనవి."

"నిన్న బాగానే దిగాను కదా. ఈవేళ నాకేటైంది?"

"నిన్న నువ్వు దిగలేదమ్మా. నువ్వు పడ్డావు, అది నిలబెట్టింది."

రోహిణి మొహం మాడిపోయింది. "నాకు నూరు మార్కులు వేసింది సంస్థ. ఊరంతా ఒప్పుకుంది. మీరొక్కరే ఒప్పుకోరేటక్కా?" అని బెల్టు విప్పుకుని దిగిపోయింది. ఆ తర్వాత పొద్దున్నే ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

అలా ఉండగా నిజం విమానం వస్తోందని కబురొచ్చింది. అద్దె విమానం. దాన్ని ఎవరో తీసుకొచ్చి అప్పగిస్తారు. అప్పగించగానే మంత్రిగారు ఎక్కుతారు, రోహిణి నడుపుతుంది, జలాశయం చుట్టూ ఒక చుట్టు తిప్పి మళ్లీ నీళ్ల మీద దింపుతుంది. తెల్ల యూనిఫాం కుట్టించారు. పందిరికి గుంటలు తవ్వుతున్నారు.

ఇందుమతి పరాంకుశం గారి గదిలోకి ఎర్ర బల్బు వెలుగుతుండగానే వెళ్లింది.

"సర్, మన ఫ్లోట్లు అబద్ధం. ఆ అమ్మాయి ఇక్కడ నేర్చుకున్నట్టు దిగితే చచ్చిపోతుంది."

"నూరు మార్కులు పొందిన అభ్యర్థి చనిపోవుటకు అవకాశం లేదు," అన్నారు ఆయన. "ఒకవేళ అట్టి అభిప్రాయం మీకు ఉన్న యెడల బహుమతి స్వీకరించక ముందే తెలియజేసి ఉండవలసినది."

కూర్మన్న గారి దగ్గరికి పరుగెత్తింది. ఆయన ఓపికగా విన్నారు. కుర్చీ వేయించారు, మజ్జిగ తెప్పించారు.

"ఆ మెసీను సేసింది నువ్వు. బాగుందని ఊరంతా అంటన్నారు. సేసినోలే బాలేదంటే ఎవులు నమ్ముతారమ్మా? దిష్టి తగిలినాది నీకు. నాలుగు రోజులు సెలవెట్టీ."

ఇందుమతికి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన అన్నదాంట్లో నిజం ఉండటం ఇంకా మండించింది. చేసింది తనే. తిరిగి వస్తుంటే వరండా గోడ మీద అద్దం కట్టించి వేలాడదీసిన సర్క్యులర్ కనబడింది. రోజూ దాని పక్కనుంచే నడుస్తుంది. ఆ రోజు ఆగి మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఇంతకాలమూ ఈ ఆఫీసులో తను నిజం చెప్పి నెగ్గాలని చూసింది. ఇక్కడ నిజం మాట ఎవరు వింటారు? సర్క్యులర్ మాటైతే వింటారు.

మళ్లీ ఎర్ర బల్బు గదిలోకి వెళ్లింది.

"సర్, రాబోయే విమానం కూడా వాహనమే కదా?"

"నిస్సందేహంగా."

"మరి నిమ్మకాయలు తొక్కించకుండా మంత్రిగారిని ఎలా ఎక్కిస్తాం? అది కూడా మన సిమ్యులేటర్ తొక్కినట్టే, నీళ్ల మీద, ఫ్లోట్లతో. బహుమతి పొందిన పద్ధతి అదే కదా సర్. అప్పగించే పైలటే తొక్కించి చూపిస్తే, ఆ తర్వాతే మనం స్వాధీనం చేసుకోవచ్చు."

పరాంకుశం గారు ఆమెను మొదటిసారి మనిషిని చూసినట్టు చూశారు. "మీలో పరిపక్వత కనబడుచున్నది," అన్నారు.

ఇందుమతి నమస్కారం పెట్టి బయటికొచ్చింది. నిజం నిమ్మకాయ నీళ్ల మీద తేలుతుందని, తేలే కాయను తేలే పడవతో ఎవడూ చితక్కొట్టలేడని గదిలో ఎవరికీ తోచనందుకు దేవుడికి కూడా ఒక నమస్కారం పెట్టింది.

విమానం వచ్చింది. గట్టు మీద జనం కేకలు వేస్తుండగా ఒక చుట్టు తిరిగి, ముక్కు ఎత్తి, బాతు దిగినట్టు దిగింది. తెచ్చినాయన యానాం మనిషి, కెప్టెన్ పెమ్మాడి. దీవుల మధ్య ఇలాంటివి నడిపి జుట్టు నెరిసింది. రేవులో దిగగానే ఆయన చేతిలో నాలుగు నిమ్మకాయలు పెట్టారు.

"నిమ్మరసానికాండీ?" అని అడిగాడు ఆయన.

విషయం చెప్పారు. ఆయన రెండుసార్లు చెప్పించుకుని విన్నాడు. "నీళ్ల మీదేనాండీ? సరేనండీ, మీ ఆచారం. చూద్దారి," అని ఎక్కి కూర్చున్నాడు.

నిమ్మకాయలను నీళ్లలో వరసగా వేశారు. విమానం వాటి మీదికి వెళ్లింది. ఫ్లోట్ల ముందు లేచిన చిన్న అల నిమ్మకాయలను మర్యాదగా పక్కకు నెట్టింది. తిరిగొచ్చింది, మళ్లీ నెట్టింది. నిమ్మకాయలు నిలవడం లేదని వాటికి రాళ్లు కట్టారు, అవి మునిగిపోయాయి. అప్పుడు రెండు పడవల మధ్య తాడు కట్టి, తాడుకు నిమ్మకాయలు గుచ్చారు. విమానం తాడు మీదుగా వెళ్లింది. నిమ్మకాయలు ఫ్లోట్ల కింద దూరి, వెనకవైపు పైకి తేలి, ఎండలో మెరిశాయి. ఊళ్లో నిమ్మకాయలన్నీ అయిపోయి పక్క ఊరికి మనిషిని పంపారు. పందిట్లో మంత్రిగారు సోడా తాగుతూ ఎదురుచూస్తున్నారు. యూనిఫాంలో రోహిణి, మెడలో బంతిపూల దండతో, రేవు అంచున నిలబడి ఉంది.

చివరికి కూర్మన్న గారే పడవెక్కి వెళ్లి, తేలుతున్న నిమ్మకాయనొకదాన్ని తీసి, తిప్పి తిప్పి చూశారు.

"ఒక్క గాటు కూడా పడనేదు," అన్నారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

ఆ మాట రేవు దాటి పందిట్లోకి వెళ్లింది. ఈ విమానం నిమ్మకాయ తొక్కదటండీ అని పి.ఎ. చెవిలో చెప్పగానే మంత్రిగారికి రాజధానిలో ఏదో అత్యవసర సమావేశం గుర్తుకొచ్చింది. కారు లేపిన దుమ్ము అణిగాక పరాంకుశం గారు మైకు ముందుకొచ్చారు.

"సంస్థవారి సిమ్యులేటర్ నాలుగు నిమ్మకాయలనూ నిరాటంకంగా తొక్కుచున్నది. సదరు విమానం ఒక్కటి కూడా తొక్కలేకపోయినది. కావున సదరు విమానపు ఫ్లోట్లు ప్రమాణములకు లోబడి లేవని తేలినందున, దానిని తిప్పి పంపడమైనది."

కెప్టెన్ పెమ్మాడి చేతులు కట్టుకుని అంతా విన్నాడు. "మంచిదండీ," అని టీ తాగి విమానమెక్కాడు.

అప్పటికి పొద్దు వాలుతోంది. గాలి పూర్తిగా పడిపోయి జలాశయం అద్దంలా అయింది. విమానం ఎంత వేగంగా పోయినా ఫ్లోట్లు నీటిని వదలలేదు. లేవలేకపోయిందని చూసేవాళ్లు నవ్వారు. అప్పుడు కుడి ఫ్లోటు మెల్లగా నీటిని వీడింది. ఒక్క క్షణం విమానం ఒంటికాలి మీద పరుగెత్తింది. తర్వాత రెండోదీ వదిలింది. నీళ్లు తెల్లగా కారుతూ విమానం కొండల వైపు వెళ్లిపోయింది.

"అక్కా, ముందు ఒకటి లేపాడు," అంది రోహిణి.

"చూశాను."

"మీరు చేసిన పాత ఫ్లోట్లలాగే ఉందక్కా. దిగేటప్పుడు కూడా ముక్కు ఎత్తే దిగాడు." దండ తీసి చేతిలో నలుపుతోంది. "నేను ముక్కు దించేదాన్ని. ఇందాక ఎక్కనిచ్చి ఉంటే దించేదాన్నే."

ఇందుమతి ఆ పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇద్దరూ అక్కడే మెట్ల మీద కూలబడ్డారు.

విమానం లేదని సంస్థ మూతపడుతుందనుకునేవాళ్లకు సంస్థల సంగతి తెలియదన్నమాట. కమిటీ కూర్చుంది. మన దగ్గర ప్రమాణాలకు లోబడిన వాహనం ఒకటి ఉండగా బయటి విమానాలెందుకని ప్రశ్నించుకుని, విశాఖపట్నానికి సర్వీసు ప్రారంభించింది. ప్రయాణికులు టిక్కెట్టు కొని సిమ్యులేటర్ ఎక్కుతారు. కెప్టెన్ రోహిణి స్వాగతం పలుకుతుంది. తెర మీద కొండలు, తోటలు, సముద్రం వస్తాయి, నాలుగు నిమ్మకాయలు చితుకుతాయి, విశాఖ వస్తుంది. అందరూ దిగి చూస్తే గోదాములోనే ఉంటారు. అక్కడి నుంచి విశాఖకు కనెక్టింగ్ బస్సు ఉంటుంది. సర్వీసు నిండుగా నడుస్తోంది, ఎందుకంటే మామూలు బస్సులో కిటికీ సీటు దొరకదు.

రోహిణి మళ్లీ పొద్దున్నే రావడం మొదలుపెట్టింది. మొదటి సర్వీసుకు ముందు, ఊడ్చేవాళ్లు కూడా రాకముందు, పాత ఫ్లోట్లు పెట్టించుకుని కూర్చునేది. రోజూ మునిగిపోయేది. మునిగి, తిట్టుకుని, మళ్లీ కూర్చునేది. చేతులకు పట్టిన అలవాటును వదిలించుకోవడం నేర్చుకోవడం కన్నా కష్టమని ఇద్దరికీ తెలిసింది. ఇందుమతి పక్క సీట్లో కూర్చుని ముక్కు, ముక్కు అని గొణుగుతూ ఉండేది.

ఒక పొద్దున తెర మీద నీళ్లు అద్దంలా ఉన్నాయి. రోహిణి కర్ర మెల్లగా లాగింది. ముక్కు ఎత్తి పట్టుకుంది. దూకలేదు, నిమ్మకాయల కోసం వెతకలేదు, విమానాన్ని దాని మానాన దిగనిచ్చింది. ఫ్లోట్ల మడమలు ముందు నీటిని తాకాయి, కుర్చీ కొంచెం అదిరింది, ఎంత అదరాలో అంతే. విమానం బరువు నీళ్ల మీద పరుచుకుంది. సరైన బరువున్న నాలుగు నిమ్మకాయలూ అల మీద ఊగుతూ పక్కకు తప్పుకున్నాయి. అంతా ఆగింది. అప్పుడు తెర మీద ఎర్రటి అక్షరాలు వచ్చాయి: తొక్కిన నిమ్మకాయలు సున్నా. ఫలితం, ఫెయిల్.

రోహిణి చేతులు ఇంకా కర్ర మీదే ఉన్నాయి.

"అక్కా," అంది, "ఫెయిలయ్యాను."

"ఇన్నాళ్లకి," అంది ఇందుమతి, చీర చెంగుతో కళ్లు తుడుచుకుంటూ.